ఎర్రదారం దువ్వెన

కాకినాడలో ఒక లెక్కల మాస్టారింట్లో, అటక మీద పాత ప్రశ్నపత్రాల కట్టల మధ్య పిల్లి ఈనింది. మూడు కూనలు. మూడు వారాలు తిరిగేసరికి అవి తల్లి వెనకాలే హాల్లోకి దిగాయి. వాటితో పాటు ఇంకా చాలామంది దిగారు. ఆ సంగతి ముందు మాస్టారి చీలమండలకి తెలిసింది.

మొదటి తగాదా పేరు దగ్గరే వచ్చింది. మామ్మగారు "గోమార్లు" అన్నారు. పాలవాడు "పిడుదులండీ" అన్నాడు. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఫోన్లో పెద్దది చేసి చూసి, "ఫ్లీస్ నాన్నా" అని తేల్చింది. అమ్మాయిదే రైటు. పిడుదు పట్టుకుని వేలాడుతుంది తప్ప గెంతదు. ఇది రెండు మూడు మిల్లీమీటర్ల ఒంటితో జానెడు ఎత్తు గెంతుతుంది. రెండు పక్కలా నొక్కేసినట్టు పలచగా ఉంటుంది కాబట్టి బొచ్చులో చేపలా జారిపోతుంది. 1665లో రాబర్ట్ హుక్ అనే దొర దీన్ని సూక్ష్మదర్శిని కింద చూసి మురిసిపోయి, తన 'మైక్రోగ్రఫియా' పుస్తకంలో మడత విప్పి చూడాల్సినంత పెద్ద బొమ్మ వేశాడు. ఆయన చీలమండల సంగతి మాత్రం రాసినట్టు లేదు.

పేరు తేలాక వైద్యం మొదలైంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని వైద్యాలు. మామ్మగారు పసుపు రాశారు. కూనలు మూడూ పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి, పురుగులు పేరంటానికి వచ్చినట్టు అక్కడక్కడే తిరిగాయి. మాస్టారి భార్య బీరువాలో కలరా ఉండలు తెచ్చి బుట్టలో వేద్దామన్నారు. పాలవాడు కిరోసిన్ అన్నాడు. ఎవరో కర్పూరం కలిపిన వేపనూనె అన్నారు. పిల్లి రోజులో చాలాసేపు ఒళ్లు నాక్కుంటూనే ఉంటుందనీ, దాని ఒంటికి పూసిందల్లా చివరికి దాని కడుపులోకే పోతుందనీ ఎవరికీ తట్టలేదు.

అప్పుడు పక్కింటి రిటైర్డ్ తహసీల్దారు గారు, వాళ్ల కుక్క మెడ మీద వేసే చుక్కల మందు పట్టుకొచ్చారు. "మావాడికి ఒక్క ట్యూబుతో సరి మాస్టారూ! ఇవి చిన్నవి కదా, లెక్కకట్టి ఓ చుక్క వేయండి." లెక్క అనే మాట చెవిన పడగానే మాస్టారు బరువుల భాగహారానికి పెన్ను కూడా తీశారు.

"ఏవండీ, ముందు డాక్టరుగారికి చూపించి అప్పుడు చేయండి మీ భాగహారం" అంది భార్య. కూనలు బతికింది ఆ ఒక్క మాట వల్లే. పశువుల డాక్టరు ట్యూబు మీది సన్నక్షరాలు చదివి పక్కన పెట్టేశాడు. అందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్క ఒళ్లు దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని చేతకాదు. మందు ఒంట్లోనే ఉండిపోయి వణుకు, ఫిట్స్, ఒక్కోసారి చావు. కూనలకే కాదు, తల్లికీ అంతే.

డాక్టరు తడిపిన దూదితో ఒక కూన వీపు తుడిచాడు. దూదికి అంటిన మిరియప్పొడిలాంటి నలుసుల చుట్టూ ఎర్రటి చెమ్మ వ్యాపించింది. "మట్టి కాదండీ. పురుగు తాగి వదిలిన రక్తం." తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూశాడు. గులాబీ రంగులో ఉండాల్సింది పాలిపోయి ఉంది. తూస్తే 350 గ్రాములు. ఆ కూన ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ చెంచాలు. డెబ్బై చిల్లర ఆడ పురుగులు కలిస్తే రోజుకి ఒక మిల్లీలీటరు తాగేస్తాయి. ఈ లెక్క మాస్టారు నోటితోనే చేశారు. చేశాక కాసేపు మాట్లాడలేదు.

మందుల్లో చాలావాటికి కూన వయసు ఎనిమిది వారాలు దాటాలి. నిటెన్‌పైరమ్ మాత్రకైనా నాలుగు వారాలు నిండి, 900 గ్రాములకి అటూ ఇటూ బరువుండాలి. పాలిచ్చే తల్లికి పనికొచ్చే మందు తల్లికి తానే వేసి, కూనలకి డాక్టరు రాసిచ్చింది ఒక్కటే: పేలదువ్వెన.

మామ్మగారి ముఖం వెలిగిపోయింది. తరాల తలలు దువ్విన చెయ్యి! తన పెట్టెలో రెండు దువ్వెనలుంటే, ఒకదానికి ఎర్రదారం కట్టి పిల్లులకి కేటాయించారు. పక్కన గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, అందులో గిన్నెల సబ్బు. వట్టి నీళ్లలో వేస్తే పురుగు తేలి, అంచుకి చేరి, నమస్కారం పెట్టి గెంతుతుంది. సబ్బు నీళ్లలో రాయిలా అడుక్కి పోతుంది. ముందు మెడ చుట్టూ దువ్వాలి. లేకపోతే అన్నీ ముఖం మీదికి, చెవుల్లోకి వలసపోతాయి. మామ్మగారు ఒక్కొక్కటీ ముంచుతూ లెక్కపెట్టారు. మొదటి కూనకి ముప్పై ఎనిమిది, రెండోదానికి నలభై ఒకటి. మూడోది ఆవిడ ఒళ్లోనే నిద్రపోయింది.

స్నానం మాత్రం తెగ పురుగులున్న ఒక్కదానికే, అదీ తల తడవకుండా, రెండు నిమిషాల్లో. ఆ వయసు కూన తన ఒంటి వేడి తాను నిలుపుకోలేదు. తడిగా వదిలేస్తే పురుగుల కంటే ముందు చలే పని పూర్తిచేస్తుంది. తువ్వాల్లో చుట్టి, పొడిగా తుడిచి, ఆరాకే తల్లి దగ్గర పెట్టారు.

వారం తిరిగేసరికి చిగుళ్లకి రంగొచ్చింది. మాస్టారు గెలిచామన్నారు. పిల్లి మీద కనపడేవి మొత్తం పురుగుల్లో నూటికి ఐదు మాత్రమేనని ఆయనకి తర్వాత తెలిసింది. ఆడది రోజుకి నలభై, యాభై గుడ్లు పెడుతుంది. అవి ఉప్పుకల్లుల్లా జారి చాప సందుల్లో, సోఫా కింద పడతాయి. కాకినాడ ఉక్క వాటికి పుట్టిల్లు. గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండేశారు, మూలమూలా ఊడ్చారు.

ఆ తర్వాత తల్లినీ పిల్లల్నీ పాలవాడింట్లో వదిలి, పది రోజులు పెళ్లికి వెళ్లారు. పురుగు గూడు కట్టుకుని నెలల తరబడి ఆగగలదు. పైన నేల అదిరితే, వెచ్చటి ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. మాస్టారు తాళం తీసి, చెప్పులు విడిచి, సూట్‌కేసు దబ్బున కింద పెట్టారు. స్వాగతం మోకాళ్ల దాకా అందింది. మళ్లీ చీపురు, మళ్లీ వేడినీళ్లు, తల్లికి మందు, కూనలకి దువ్వెన. ఇంకో నెల పట్టింది.

ఒక సాయంత్రం అమ్మాయి బడి నుంచి తల గోక్కుంటూ వచ్చింది. మామ్మగారు అరుగు మీద కాళ్లు చాపి, "ఇలా రావే, కూర్చో" అన్నారు. పిల్లి పురుగులు మనిషి తలలో కాపురం పెట్టవని దానికి తెలుసు. అయినా రెండడుగులు వెనక్కి వేసి అడిగింది.

"మామ్మా, ముందు చెప్పు. నీ చేతిలో ఉన్నదానికి దారం ఉందా, లేదా?"