నాయకులు కావలెను!

మేడ్చల్ హైవే ఎక్కినా, శామీర్‌పేట దారి పట్టినా కాలేజీ హోర్డింగులది ఒకటే పాట: ‘రేపటి ప్రపంచ నాయకులు మా దగ్గరే తయారవుతారు.’

బొమ్మలో కోటు, టై, చేతులు కట్టుకున్న కుర్రాడు.
కింద మూలన, కళ్లజోడు పెట్టుకుంటే కనిపించే అక్షరాల్లో ‘జేఎన్‌టీయూ అనుబంధం’.

ఆ జేఎన్‌టీయూకే 2024 మే నుంచి 2025 ఫిబ్రవరి దాకా పూర్తికాలపు వైస్‌ఛాన్సలర్ (వీసీ) లేరు.
ఇన్‌ఛార్జి సంతకాలతోనే బండి లాగించారు.

అంతకుముందూ అదే వరస.
2019లో తెలంగాణలోని చాలా వర్సిటీల వీసీల గడువు తీరింది.
కొత్తవాళ్లు కుర్చీ ఎక్కింది 2021 మేలో!
తర్వాత సర్కారు మారింది. ఆనవాయితీ మాత్రం మారలేదు.

వీసీ పదవి మూడేళ్లు. దిగిపోయే తేదీ ఎక్కిన రోజే ఖరారు.
అది ప్యూన్‌కు తెలుసు, క్యాంటీన్‌వాడికి తెలుసు.
తెలియంది సచివాలయానికే!

ప్రపంచానికి నాయకులను ఎగుమతి చేసే మేడ్చల్ జిల్లాలో సొంత వాడకానికి సరుకు నిల్.

జేఎన్‌టీయూలో తర్వాతి ఖాళీ 2028 ఫిబ్రవరిలో.
అయ్యా సర్కారువారూ, క్యాలెండర్‌లో ఇప్పుడే సున్నా చుట్టి పెట్టుకోండి!