బియ్యం డబ్బా నుంచి పోర్టుల దాకా

నేను మొదట బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డబ్బాని. గైనకాలజీ మేడమ్ నన్ను కొనుక్కొచ్చి, మూతకి రెండు బెజ్జాలు చేయించి, వాటికి హవాయి చెప్పు రబ్బరు ముక్కలు అతికించారు. పరికరాలు దూర్చే దారులు అవే, నా పోర్టులు. లోపల చిన్న దీపం, మూతకి కట్టిన పాత వెబ్‌క్యామ్, ఎదురుగా టీవీ. ఆ రోజు నుంచి నాది ఆడమనిషి పొట్ట.

మా వంశానికి మూలపురుషుడు జర్మనీలో పుట్టాడు. 1980లో, చిన్న బెజ్జంలోంచి పొట్టలోకి చూసే ల్యాప్రోస్కోప్‌తో అపెండిక్స్ తీసిన కీల్ నగరపు గైనకాలజిస్టు కర్ట్ సెమ్, చేతులకు తర్ఫీదు ఇవ్వడానికి పెల్వి-ట్రైనర్ అనే పెట్టె తయారుచేశాడు. నేను దాని పేద మనవణ్ణి. ఖరీదైన బంధువొకటి మా గదిలోనే బీరువాలో ఉంది, తాళం వేసి. దాన్ని తలుచుకుంటే బాధేస్తుంది.

నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల మొదటి సంవత్సరం పీజీ. పొట్ట కోసి చేసే ఆపరేషన్లలో కుట్టు చక్కగా వేస్తుందట. నా ముందు కూర్చోగానే చేతులు మాట వినలేదు. పోర్టు దగ్గర పరికరం తక్కెడ కాడలా తిరుగుతుంది. చేయి ఎడమకు జరిపితే కొస కుడికి పోతుంది. టీవీలో లోతు తెలియదు. ఆరు రబ్బరు రింగుల్ని ఎడమ గ్రాస్పర్‌తో ఎత్తి, గాల్లోనే కుడిదానికి అందించి, మేకులకు తొడిగి, మళ్లీ వెనక్కి తేవాలి. అమెరికాలో గైనిక్ పీజీలకు బోర్డు సర్టిఫికెట్ కోసం 2020లో తప్పనిసరి చేసిన పరీక్షలో దీనికి గడువు 5 నిమిషాలు. మొదటి రోజు ఆమెకి పదకొండు పట్టింది. రెండు రింగులు కెమెరాకి అందని మూలకి దొర్లిపోయాయి.

తర్వాత బత్తాయి తొన. రసం చిమ్మకుండా పైపొర ఒలవాలి. ఎన్నిసార్లు తడిశానో! అయినా నా పొట్టలో చిమ్మింది రసమే కదా, నాకదే సంతోషం.

నాలో రక్తం లేదు, భయమూ లేదు. ఆ లోటు తెలిసిన మేడమ్ ఒకరోజు ఎర్ర దారం కట్టి, దాని కిందుగా తెల్ల దారం పోనిచ్చారు.

"ఎర్రది గర్భసంచి రక్తనాళం, కింద పోయేది మూత్రనాళం. రెంటికీ మధ్య సందు ఎంతో ఉండదు. తెల్లది ఎక్కడుందో చూపించాకే ఎర్రది కాల్చాలమ్మా."

నెల రోజులు చూపించడమే పని.

ఒక రాత్రి ట్యూబులో గర్భం కేసు వచ్చింది. పేషెంట్ నిలకడగా ఉంది. ఫోన్లో మేడమ్ గొంతు వినిపించింది: "గ్యాస్ సిలిండర్ నిండుగా ఉందా? సక్షన్ చూశావా? ఓపెన్ సెట్ పక్కనే పెట్టించు." ల్యాప్రోస్కోపీకి సిద్ధమవడమంటే, అవసరమైతే పొట్ట తెరవడానికీ సిద్ధంగా ఉండటం.

తెల్లారుతుండగా ఇద్దరూ వచ్చారు. ట్యూబు తీశారట, పేషెంట్ బాగుంది.

"ఎడమ చేయి వణికింది మేడమ్."

"నేను చూశాను. రింగులు తియ్యి."

ఆరు వారాలు ఎడమచేతి పనే. ఇప్పుడు నా కుడి పోర్టు బిగువుగానే ఉంది, ఎడమది వదులైపోయింది. నిన్న ఆమె పాత చెప్పు తెచ్చి, కొత్త ముక్క కోసుకుంది.