సంఘంలో చేరండి, చెక్కుచెదరకుండా బయటికి రండి

విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది, సంతోషం. హాస్టల్లో మంచం ఇంకా ఖాయం కాలేదు గానీ, అడ్మిషన్ల క్యూలో ఉండగానే నాలుగు సంఘాల వాళ్లు మీ ఫోన్ నంబరు రాసుకుని ఉంటారు. ఒకరు ఫారం నింపిపెట్టారు, ఒకరు జెరాక్సు షాపు చూపించారు, ఇంకొకరు టీ తాగించారు. ఎందులో చేరతారో మీ ఇష్టం. పార్టీ అనుబంధ సంఘమైనా, డిపార్ట్‌మెంటు అసోసియేషనైనా, నాటకాల క్లబ్బయినా మా చిట్కాలు ఒకేలా పనిచేస్తాయి. అందులో రెండు మూడేళ్లు తిరిగి కూడా ఏదీ ఒంటికి అంటకుండా, వెళ్లినవాళ్లు వెళ్లినట్టే ఎలా రావాలో చెప్పడమే మా పని. ఇది అనుకున్నంత తేలిక కాదు. కాస్త ఏమరుపాటుగా ఉన్నారంటే ఏదో ఒకటి నేర్చేసుకుంటారు.

ముందు పదవి సంగతి చూడండి

పని తెలిశాక పదవి అడగాలని పాతకాలం వాళ్లంటారు. మీరు మొదటి మీటింగులోనే అడగండి. ఖాళీ లేదంటే కొత్తది పుట్టించమనండి. కార్యనిర్వాహక అధ్యక్షుడు, సంయుక్త కార్యదర్శి, సహ సంయుక్త కార్యదర్శి, ప్రచార కార్యదర్శి, ముఖ్య సలహాదారు. పన్నెండు మంది సభ్యులున్న చోట పదమూడు పదవులుండటం మన దగ్గర వింతేం కాదు, అధ్యక్షుడి దగ్గర రెండుంటాయి. పదవి చేతికొచ్చిన సాయంత్రమే ఫ్లెక్సీ కట్టించండి. మర్నాటి నుంచి మీకంటే రెండేళ్లు పెద్దవాళ్లు కూడా మిమ్మల్ని ‘అన్నా’ అంటారు. వ్యక్తిత్వ వికాసం అక్కడితో పూర్తి.

ఎవరైనా అడ్డుపడితే పెద్దవాళ్ల పేర్లు చెప్పండి. ఎం. వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు, తర్వాత దేశానికి ఉప రాష్ట్రపతి. జైపాల్ రెడ్డి ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు, తర్వాత కేంద్రమంత్రి. చూశారా, దారి ఎంత తిన్నగా ఉందో! మొదటి ఉదాహరణలో సంఘం అధ్యక్ష పదవికీ 2017లో వచ్చిన పదవికీ మధ్య నలభై మూడేళ్లున్నాయన్న లెక్క మాత్రం ఎవరినీ వేయనివ్వకండి. అదే కాలంలో అవే క్యాంపస్‌లలో అంతే గట్టిగా నినాదాలిచ్చి, తర్వాత లెక్చరర్లుగా, లాయర్లుగా, బ్యాంకు ఉద్యోగులుగా బతుకు గడిపిన వేలమంది ఊసైతే అసలే వద్దు. వాళ్ల గురించి మాట్లాడితే మన సిద్ధాంతానికి ఫ్లెక్సీ మీద చోటు చాలదు.

ఎన్నికలుంటే జాగ్రత్త

ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో ఆగిన విద్యార్థి సంఘ ఎన్నికలు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ తర్వాత గాడిన పడలేదు. కాబట్టి చాలామందికి ఈ గండం లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట చేరినవాళ్లే జాగ్రత్త పడాలి. అక్కడ ఎన్నికలు జరుగుతాయి, పైగా లింగ్డో కమిటీ నిబంధనలు. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న ఆ నిబంధనల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి, ప్రధాన పదవులకు పోటీ చేసే అవకాశం ఒక్కసారే.

వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది పోస్టర్ల నిబంధన. చేత్తో రాయాలంటే, అసలు ఏం చెప్పదలచుకున్నామో రెండు వాక్యాల్లో తేల్చుకోవాలి. డబ్బు లేదు కనుక గది గదికీ తిరగాలి. తిరిగితే జనం నోరు విప్పుతారు. రెండో అంతస్తులో నీళ్లు రావంటారు, లైబ్రరీ తొమ్మిదింటికే మూసేస్తున్నారంటారు, ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసిందంటారు. మీతో పొసగనివాడి మంచం మీద కూర్చుని పదిహేను నిమిషాలు వాడి మాట వినాల్సి వస్తుంది. ఇలా రెండు వందల గదులు తిరిగినవాళ్లు ఓడిపోయినా మునుపటిలా ఉండరు. అందుకే ప్రచారం తమ్ముళ్లకి వదిలేసి, మీరు స్టేటస్‌లు పెట్టుకోండి.

మెస్ కమిటీ వైపు చూడకండి

సంఘాల్లో ఎక్కడ ఏ పని చేసినా ఎంతో కొంత తప్పించుకోవచ్చు, మెస్ కమిటీలో మాత్రం కుదరదు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మన హాస్టళ్లలో ఎక్కువగా డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చును తిన్న రోజులతో భాగించి తలా ఇంత అని వేస్తారు. రెండు వందల మంది, ముప్ఫై రోజులు అనుకుందాం. మొత్తం 6,000 భోజన దినాలు. ఖర్చు 7,20,000. రోజుకి 120 పడింది. ఎవరికీ అభ్యంతరం లేదు. మరుసటి నెల సంక్రాంతి. సగంమంది ఊళ్లకెళ్లి మెస్ కట్ పెట్టించుకున్నారు. దినాలు 5,000కి తగ్గాయి. బియ్యం, పప్పు, కూరగాయల ఖర్చు రోజుకి 80 చొప్పున 4,00,000కి దిగింది. కానీ వంటవాళ్ల జీతాలూ గ్యాసూ కలిపి అవుతున్న 2,40,000 అలాగే ఉంది. మొత్తం 6,40,000, భాగిస్తే రోజుకి 128.

ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకి డైనింగ్ హాల్లో, నోటీసు బోర్డు ముందు, కంచాలు పట్టుకుని జనం. మెస్ సెక్రటరీ ఒక బక్కపలచటి అమ్మాయి, ఎమ్మెస్సీ రెండో ఏడు. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది: ‘ఖర్చు 80,000 తగ్గితే రేటు ఎనిమిది రూపాయలు పెరగడమేంటి? ఎవరు తిన్నారు?’ ఆ అమ్మాయి స్టూలెక్కి, మారే ఖర్చేదో మారని ఖర్చేదో, అరుస్తున్న నూట యాభై మందికి, ఏడుపు ఆపుకుంటూ, అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. స్టోర్ రూమ్ ఇండెంట్ పుస్తకం తెరిచి చూపించాలి. మూడు కొట్ల కొటేషన్లు ముందు పెట్టాలి. అయినా ఒకడు ‘అంతా దొంగలెక్క’ అంటాడు. వాడికి మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర మళ్లీ చెప్పాలి.

ఇదే సంగతి ఎంబీఏలో నల్లబల్ల మీద గీతలు గీసి, లక్షలు పుచ్చుకుని చెబుతారు. డబ్బు కట్టి నేర్చుకున్నదానికి గౌరవం ఉంటుంది. పప్పు వాసన మధ్య ఉచితంగా నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ కూడా ఇవ్వరు. కాబట్టి దూరంగా ఉండండి. నోటీసు బోర్డు ముందు చేరిన గుంపులో మీరూ ఉండి ‘ఎవరు తిన్నారు’ అని అరవండి. నాయకత్వ లక్షణాలు అక్కడే బయటపడతాయి.

మెస్ బిల్లు చిన్న విషయమని తేలిగ్గా తీసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 1973 డిసెంబరులో అహ్మదాబాద్‌లోని ఎల్‌డీ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ విద్యార్థులు మెస్ చార్జీలు పెంచారని గొడవకి దిగారు. అదే నవనిర్మాణ్ ఉద్యమమై, 1974 ఫిబ్రవరిలో గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా దాకా వెళ్లింది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఇంత శ్రమ అవసరమా?

వినతిపత్రం ఇచ్చే పద్ధతి

ఫొటో ముఖ్యం. వీసీగారు ఒక కొస, మీరు ఒక కొస పట్టుకోవాలి, వెనక పదిమంది నిలబడాలి. ఫొటో రాగానే క్యాంటీన్‌కి వెళ్లిపోండి.

కొందరు చాదస్తులుంటారు. రెండు కాపీలు తీసుకెళ్తారు. ఇన్‌వర్డ్ సెక్షన్లో ఒకటిచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుంటారు. వారం ఆగి ఆ నంబరు పట్టుకుని సెక్షన్ క్లర్కు దగ్గరికి వెళ్తారు. ఫైలు సూపరింటెండెంటు దగ్గరుందని తెలుసుకుంటారు. అక్కణ్నుంచి అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్. ఏ బల్ల దగ్గర ఎందుకు ఆగింది, ఏ కాగితం జతచేయలేదు, బడ్జెట్ హెడ్ ఏది రాయాలి, ఎవరితో మధ్యాహ్నం మాట్లాడకూడదు, ఇవన్నీ పట్టేస్తారు. ఆరు నెలలకి వాటర్ కూలర్ వస్తుంది. దాని మీద వాళ్ల పేరు ఉండదు. ఇంత చేసి వాళ్లు బావుకున్నదేమిటయ్యా అంటే, తర్వాత ఏ కలెక్టరేట్‌కి వెళ్లినా, ఏ కంపెనీలో చేరినా, ఆగిపోయిన పనిని ఎక్కడ కదపాలో తెలియడం. మీకు ఫొటో ఉంది కదా.

స్నేహాలు

మీ ఊరివాళ్లతోనే తిరగండి. ఊరివాళ్లు చాలకపోతే జిల్లా వాళ్లు, అదీ మన అనుకున్నవాళ్లే. అందరూ ఒకేలా మాట్లాడుతుంటే మీటింగు పది నిమిషాల్లో తేలిపోతుంది. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగం వచ్చే కబురు తరచుగా ప్రాణస్నేహితుల దగ్గర్నుంచి కాకుండా, అరుదుగా కలిసే ముఖపరిచయస్తుల దగ్గర్నుంచే వస్తుందని అతని వాదన. ప్రాణస్నేహితులకి తెలిసింది మనకీ ముందే తెలుసు కదా, కొత్త సంగతి బయటివాడి దగ్గరే ఉంటుంది. ఫెస్టు పనుల్లో వేరే డిపార్ట్‌మెంటు వాళ్లతో, పక్క యూనివర్సిటీ వాళ్లతో, స్పాన్సర్ కంపెనీ మేనేజర్‌తో కలిసి పనిచేసినవాళ్లకి ఇలాంటి పరిచయాలు వద్దన్నా అంటుకుంటాయి. ఆ బెడద మీకు లేకుండా మన గదిలోనే కూర్చుందాం.

ఇంకో అమెరికన్ ప్రొఫెసర్, అలెగ్జాండర్ ఆస్టిన్, 1984లో మరో మాట అన్నాడు. విద్యార్థి ఎదుగుదల అతను పెట్టే శ్రమ పరిమాణాన్నీ నాణ్యతనీ బట్టే ఉంటుందట. సభ్యత్వ కార్డు గురించి ఆయన ఏమీ అనకపోవడం పెద్ద లోపం.

సముద్రం దాటాక

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లినా ఇవే సూత్రాలు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థి సంఘాలుంటాయి. ఆగస్టు వచ్చిందంటే వాటికి ఎయిర్‌పోర్టు పికప్‌లు. ఒక షీటులో పేరు, ఫ్లైటు నంబరు, దిగే టైము, పెట్టెలెన్ని. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిలో ఇంకోటి, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ వేరే. ముగ్గురు ఒకేసారి దిగితే ఆరు పెద్ద పెట్టెలు. సీనియర్ దగ్గరున్నది పాత కరోలా. దోహాలో ఒకడికి కనెక్టింగ్ ఫ్లైటు తప్పింది, వాడి ఫోనుకి సిమ్ లేదు, వాళ్ల నాన్న గుంటూరు నుంచి గంటకోసారి ‘బాబూ, మావాడు దిగాడా?’ అని అడుగుతుంటాడు. ఎవరు ముందు, ఎవరి పెట్టెలు రెండో ట్రిప్పులో, ఎవరిని ఎవరి హాల్లో నేలమీద పడుకోబెట్టాలి, అన్నీ అర్ధరాత్రి తేల్చాలి.

ఈ షీటు జోలికి పోవద్దు. దీపావళి నైటుకి యాంకరింగ్ మీరు తీసుకోండి. ఆరేళ్ల తర్వాత ఏదో కంపెనీలో రెఫరల్ కావాల్సి వచ్చినప్పుడు, ఆ రాత్రి కరోలాలో వచ్చినవాడు డ్రైవర్ పేరు గుర్తుపెట్టుకుంటాడు, యాంకర్ పేరు గుర్తుండదు. కృతజ్ఞత అంటే ఇంత సంకుచితం.

విద్యార్థి ప్రభుత్వం ముందు బడ్జెట్ అడగడానికి వెళ్లే పనీ కోశాధికారి నెత్తినే పెట్టండి. సమోసాలకి ఇంత ఎందుకు, ఎంతమంది వస్తారు, పోయినేడు రసీదులేవి అని పందొమ్మిదేళ్ల తెల్లపిల్ల అడుగుతుంది. ఇంగ్లీషులో తడబడకుండా జవాబు చెప్పడం అలవాటైతే తర్వాత ఇంటర్వ్యూల్లో భయం పోతుంది. భయం పోతే వినయం పోతుంది.

రెజ్యూమె

‘500 మందికి నాయకత్వం వహించాను’ అని రాయండి. ఆ 500 మంది వాట్సాప్ గ్రూపులో ఉన్నారన్న వివరం అక్కర్లేదు. ఇంటర్వ్యూలో ‘మీ కమిటీలో ఒకరు పనిచేయకపోతే ఏం చేశారు?’ అని అడుగుతారు. పని చేయించినవాళ్లకి దీనికి నిజమైన కథ ఒకటుంటుంది, అందులో సౌండ్ సిస్టమ్ వాడి పేరు, వాడికి బాకీ ఉన్న మొత్తం కూడా ఉంటాయి. మీ దగ్గర కథ లేదు కాబట్టి ‘టీమ్ స్పిరిట్’ అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే అనండి. మూడోసారి వాళ్లే ఊరుకుంటారు.

దిగిపోయేటప్పుడు

అప్పగింతలు పెట్టుకోకండి. మినిట్స్ పుస్తకం మీ ట్రంకుపెట్టెలో అడుగున ఉండాలి. మెయిల్ పాస్‌వర్డ్ మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. బ్యాంకు ఖాతాలో సంతకం మార్చడానికి ‘వచ్చే వారం చూద్దాం తమ్ముడూ’ అంటూ కోర్సు ముగించండి. ఏ షామియానా వాడు అడ్వాన్సు మింగాడో, ఏ కోచింగ్ సెంటర్ స్పాన్సర్‌షిప్ చెక్కు బౌన్సయిందో రాసిపెట్టారనుకోండి, వచ్చే బ్యాచ్ మీకంటే బాగా చేసేస్తుంది. అప్పుడు ‘మా రోజుల్లో ఇలా ఉండేది కాదు’ అనే మాట ఎవరితో అనగలరు?

రబ్బరు స్టాంపు మాత్రం ఇంటికి తెచ్చుకోండి. పెళ్లి శుభలేఖలో పేరు కింద ‘మాజీ సహ సంయుక్త కార్యదర్శి’ అని వేయించేటప్పుడు, ప్రెస్సువాడు స్పెల్లింగు అడిగితే ఇంక్ ప్యాడ్ మీద అద్ది చూపించవచ్చు.