ఏకాదశి చీటీ: టీకా తాత్పర్య సహితం

మూలం:
గెనుసుగడ్డ పులుసుకు కరిపులి శేరు,
ధాన్యం తగలని ఇంగువ,
ఏరిన జీలకర్ర. ఆవాలు మనకొద్దు.

అవతారిక: ధర్మవరంలో రైలెక్కి హిందూపురం పోతున్న మేనల్లుడి జేబులో మేనత్త కుక్కిన చీటీ ఇది.

టీక: కరి = ఏనుగు, పులి = పులి అని ఒక వ్యాఖ్య. రెండూ ఒక సంచిలో ఇమడవు గనక అగ్రాహ్యం. హిందూపురం మార్కెట్ యార్డులో ఫ్లవర్ రకం కంటె ఎక్కువ ధర పలికే చింతపండే కరిపులి. శేరు = కిలో (అంగడివాడి సమన్వయం). ఆవాలు ఏకాదశికి కొందరికి చెల్లు, అత్తకు చెల్లవు.

ధాన్యం తగలని ఇంగువ: చీటీకి ప్రాణం ఈ సమాసమే.

పూర్వపక్షం: ఇంగువ అఫ్గనిస్తాన్ వైపు పెరిగే మొక్క వేరు నుంచి కారే బంక కదా, అందులో ధాన్యమెక్కడిది?

సమాధానం: అచ్చమైన ఇంగువ ఘాటు భరించలేం. అందుకని మైదానో గోధుమపిండో కలిపి, ‘కాంపౌండెడ్’ అని సన్నటి అక్షరాల్లో అచ్చేసి అమ్ముతారు. ఉపవాసమున్న ఇంట్లోకి గోధుమ ఈ మారువేషంలో వస్తుంది.

ఈ దొంగను పట్టేది మా అత్త ఒక్కతే కాదు. పస్కా పండుగకు యూదులు ఇంట్లో పులిసిన ధాన్యం నలుసైనా ఉండనివ్వరు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అని అయిదింటికి గట్టి కాపలా. వారిలో అష్కనాజీలు ఆవాలనూ దూరం పెడతారు. జీలకర్రలో, మెంతుల్లో గోధుమగింజ దాగిందేమోనన్న శంక వేరే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో పస్కా చేసుకునే తెలుగువాళ్లే ఉన్నారు, బెనె ఎఫ్రాయిం అంటారు. అత్త వాళ్ల పేరైనా విని ఉండదు. ‘ఏరిన’ అన్న మాట మాత్రం రెండు మతాలకూ అర్థమవుతుంది.

(మన దేశంలో ఇంగువ సాగుకు 2020లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో తొలి మొక్క నాటారు. అది ఎదిగేదాకా ఏకాదశి ఆగదు.)

తాత్పర్యం: చింతపండుకు ముక్కు చాలు, ఇంగువకు కళ్లద్దాలు కావాలి.

విశేషం: “గోధుమ అసలు లేదు సామీ, గ్లూటెన్ ఫ్రీ” అని అంగడివాడు ప్రమాణం చేసి ఇచ్చిన డబ్బాను వ్యాఖ్యాత తిరుగు రైల్లో పెనుకొండ దాటాక తిప్పి చూశాడు. గోధుమ లేదు, నిజమే. బియ్యప్పిండి ఉంది.

“ఏకాదశికి బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చినావేమిరా!” అంది అత్త. పులుసు ఇంగువ లేకుండానే ఉడికింది. డబ్బా మూత ద్వాదశి పొద్దున చారుకు తీశారు.