నాలుగు పదిహేనులు: టీకా తాత్పర్య సహితం

మూలం: స్వయంవృత్తిజీవి తన రాబడిని తానే అంచనా వేసి, పదివేలకు తగ్గని పన్నును నాలుగు పదిహేనులందు చెల్లింపవలెను.

టీక: స్వయంవృత్తిజీవి = నెలజీతం లేనివాడు, ఉదాహరణకు ఫిల్మ్‌నగర్ మాటల రచయిత; పదివేలకు తగ్గని పన్ను = టీడీఎస్ పోగా ఏడాదికి ఇంకా 10,000 రూపాయలు, ఆపైన కట్టవలసినది; నాలుగు పదిహేనులందు = జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 నాటికి; చెల్లింపవలెను = మొత్తం ఆదాయపు పన్నులో వరుసగా 15, 45, 75, 100 శాతం పూర్తిచేయవలెను, దీనికే అడ్వాన్స్ ట్యాక్స్ అని పేరు; అంచనా వేసి = తగవంతా ఈ మాట దగ్గరే.

తాత్పర్యం: చేతికి రాని డబ్బుకు పన్నేమిటి, సర్కారు మనల్ని జోస్యం చెప్పమంటోందా అన్నది మొదటి పూర్వపక్షం. క్యాలెండర్ ముందు ఇది నిలవదు. జూన్ 15 నాటికి ఆర్థిక సంవత్సరంలో అయిదో వంతు దాటిపోతుంది. అడిగేది 15 శాతం. సెప్టెంబరు 15కు దాదాపు 46 శాతం గడుస్తుంది, అడిగేది 45. చట్టం కాలాన్ని మించి అడగడం డిసెంబరులోనే మొదలు, అదీ నాలుగు శాతం మేర. పైగా జూన్‌లో 12, సెప్టెంబరులో 36 శాతం కట్టినవాడికి వడ్డీ లేదు. కనుక అంచనా అంటే ఏప్రిల్‌లో పలికి కట్టుబడవలసిన ప్రతిజ్ఞ కాదు, మూడు నెలలకోసారి దిద్దుకునే లెక్క.

రెండో పూర్వపక్షం గట్టిది. మాటల రచయితకు అడ్వాన్సు ఒకనాడు ముడుతుంది, మిగతాది విడుదలకు ముందో, నిర్మాత దయ తలచినప్పుడో. సంక్రాంతి సినిమాకు జనవరిలో వచ్చిన సొమ్ము మీద జూన్‌లోనే ఎందుకు కట్టలేదని వడ్డీ వేయడం ఏం న్యాయం? లాటరీ తగిలినవాడికి, స్థలమో షేర్లో అమ్మినవాడికి, ఆ ఏడే వ్యాపారం పెట్టినవాడికి మినహాయింపు ఉంది. మిగిలిన వాయిదాల్లో కడితే చాలు. లాటరీ దైవాధీనమని ఒప్పుకున్న సూత్రకారుడు నిర్మాత చెక్కు కూడా అంతేనని ఒప్పుకోడు! అమెరికాలో రాబడి ఎప్పుడొచ్చిందో చూపి తొలి వాయిదాలు తగ్గించుకోవచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. ఈ దోషాన్ని వ్యాఖ్యాత కప్పిపుచ్చలేడు, దాని ఖరీదు మాత్రం కట్టగలడు: లక్ష రూపాయల పన్నును మార్చి 15న ఒక్కసారే కడితే, మూడు వాయిదాల మీద నెలకు ఒక శాతం చొప్పున 450, 1,350, 2,250, వెరసి 4,050 రూపాయల వడ్డీ. ఆ భయంతో ముందే ఎక్కువ కట్టినవాడికి రిఫండుపై దక్కేది నెలకు అర శాతమే, అదీ మరుసటి ఏప్రిల్ నుంచి. కాబట్టి రాబోయే హిట్టును నమ్మి కాక, చేతిలో పడినదాన్ని చూసి కట్టడమే యుక్తం.

అసలు సినీ రచయితకు ఇంకో ద్వారం తెరిచే ఉంది. ఏడాది వసూళ్లు 50 లక్షలు మించకపోతే (నగదు 5 శాతం దాటకుంటే 75 లక్షలు), అందులో సగాన్ని ఆదాయంగా చూపితే ఖర్చుల చిట్టా అక్కర్లేదు, నాలుగు పదిహేనులూ మార్చి పదిహేనొక్కటే అవుతాయి. కాగితాలు, కాఫీ తప్ప పెట్టుబడి లేని వృత్తిలో సగం ఖర్చని నమ్మడం సర్కారు ఔదార్యమే.

విశేషం: మార్చి 31 లోపు కట్టినదీ అడ్వాన్స్ ట్యాక్సే. పదిహేను దాటినందుకు ఒక నెల వడ్డీ పడుతుంది. పన్నులో 90 శాతం అప్పటికి చేరితే, ఏప్రిల్ నుంచి నెలనెలా పెరిగే రెండో వడ్డీ మాత్రం పడదు.