రీలు లేదు నేడు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

హైదరాబాదు కోఠిలో, కెమెరా కొట్లుండే ఒక గల్లీలో, ఒక దుకాణదారు గల్లాపెట్టె వెనక నుంచి ఆశువుగా చెప్పిన పద్యమిది. కవి పేరూ కొట్టు పేరూ చెప్పడం మర్యాద కాదు. మూలంలో లేనిదేదీ రాయనని మన మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. నాదీ అదే నియమం. కాకపోతే ఇక్కడ మూలంలోనే రీలు లేదు గనుక కొంచెం ఇబ్బంది.

మూలం

ఆ.వె.
రీలు లేదు నేడు రేపు రావచ్చును
నిన్నటి ధర నేడు నిలువదయ్య
రెండు రీళ్ళు గలవు రేపటి మాటేల
తీసుకొనిన వాఁడె తెలివిపరుఁడు

ప్రతిపదార్థం

రీలు = ఫొటో ఫిల్ము చుట్ట, 1934లో కోడక్ వారు చిన్న డబ్బీలో చుట్టి పెట్టిన 35 మిల్లీమీటర్ల రకం, 36 ఫొటోలు పట్టేది; నేడు = మీరు పనిగట్టుకుని వచ్చిన రోజున; లేదు = (వివరణ చూడుడు); రేపు = ఏదో ఒక రోజున; రావచ్చును = రాకపోవచ్చును; నిన్నటి ధర = మీకు గుర్తున్న ధర; నిలువదు = ఆగదు; అయ్య = ఓ అమాయకుడా; రెండు రీళ్ళు గలవు = సొరుగులో ఉన్నవి; రేపటి మాట ఏల = బేరం వద్దు; తీసుకొనిన వాఁడె = (చివర చూడుడు); తెలివిపరుఁడు = తెలివిగలవాడు.

రీలు అంటే ఫోనులో వేలితో పైకి తోసే వీడియో అని కొందరు నవీనులు అర్థం చెబుతున్నారు. అది పొసగదు. దానికి కొరత వచ్చిన రోజు లేదు.

వివరణ

*లేదు:* తర్కశాస్త్రంలో అభావం నాలుగు రకాలు. సరుకు ఇంకా ఓడ దిగకపోవడం ప్రాగభావం. ఉండి పోవడం ప్రధ్వంసాభావం. 1935లో పుట్టి 2009లో ఆగిన కోడాక్రోమ్ ఫిల్ము దీనికి ఉదాహరణ. ఊటీలో 1960లో ప్రభుత్వం స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ కూడా ఈ కోవలోదే. చంద్రుడి పేరు పెట్టుకున్నందుకు క్షీణించింది. చంద్రుడైతే మళ్ళీ పెరుగుతాడు, ఇది పెరగలేదు. ట్రై-ఎక్స్ అనే ఫిల్ము అడిగితే హెచ్‌పీ5 అనే మరో ఫిల్ము చేతిలో పెట్టి ‘రెండూ ఒకటే సార్’ అన్నప్పుడు మనకు కలిగే జ్ఞానం అన్యోన్యాభావం. పాత ధరకు కొత్త రీలు అత్యంతాభావం, కుందేటి కొమ్ము.

ధ్వంసానికి మొదలేగాని తుది లేదని తార్కికుల సిద్ధాంతం. 2012లో ఆపేసి 2018లో మళ్ళీ తెచ్చిన ఎక్టాక్రోమ్ ఫిల్ము వాళ్ళను చిక్కున పడేసింది. అందుకే మన కవి ‘రాదు’ అనక ‘రావచ్చును’ అని తప్పించుకున్నాడు.

*నిన్నటి ధర:* ఫిల్ము మీది పూతలో వెండి లవణాలుంటాయి గనుక వెండి పెరిగితే ఇదీ పెరుగుతుందని కొందరి మతం. అది కొంతవరకే నిజం. అమెరికాలో రోచెస్టర్ నగరంలో ఆ పూత పూసే కోడక్ యంత్రం లోకమంతా ఫిల్ము వాడిన రోజులకు కట్టింది. పెళ్ళి గాడిపొయ్యి మీద ఇద్దరికి వంట చేసినట్టుంటుంది ఇప్పుడు దాని పని. మంట ఖర్చు తగ్గదు, తినేవాళ్ళు తగ్గారు. 2024 నవంబరులో అక్కడి యంత్రాలను బాగుచేయడానికి కొన్నాళ్ళు పని ఆపారు కూడా.

ఇక ధర పెంచిందెవరన్న ప్రశ్నలో వ్యాకరణం అడ్డొస్తుంది. కోడక్ ఫిల్మును తయారు చేసేది ఈస్ట్‌మన్ కోడక్. 2013 నుంచి దాన్ని అమ్ముతూ వచ్చింది కోడక్ అలారిస్ అనే వేరే కంపెనీ. 2025లో తయారీదారే కోడాకలర్ పేరుతో మళ్ళీ నేరుగా అమ్మకానికి దిగాడు. తర్వాత దిగుమతిదారు, టోకు వర్తకుడు, కోఠి కొట్టు. ఇంతమంది కర్తలున్న చోట వాక్యం తనంతట తానే కర్మణి ప్రయోగంలోకి పోతుంది: ‘ధర పెంచబడింది.’

డబ్బా మీద గరిష్ఠ చిల్లర ధర చీటీ ఉంటుంది. ఒక్కోసారి దాని కింద మరో చీటీ. గోటితో గీకి పూర్వపాఠాన్ని చదవడం పరిశోధకుల పని. కొనేవాళ్ళు చేస్తే మనశ్శాంతి పోతుంది.

*రెండు రీళ్ళు గలవు:* మొదటి పాదంలో ‘లేదు’, మూడో పాదంలో ‘రెండు గలవు’. ఇది స్వవచన విరోధం కాదా? ఆ రెండూ గడువు దాటినవని కొందరు సర్దారు. కాదు. నేను కళ్ళారా చూశాను, తేదీ ఉంది. మొదటి రెండు పాదాలనూ కలిపి అన్వయించుకుంటే చిక్కు విడిపోతుంది: ‘నిన్నటి ధరకు రీలు లేదు. నేటి ధరకు రెండు గలవు.’ బజారులో ‘లేదు’ అనే మాట సరుకు సంగతి చెప్పదు, ధర సంగతి చెబుతుంది. దీన్ని దురాశ అనుకోవద్దు. పాత ధరకు రెండూ అమ్మేస్తే ఆ డబ్బుతో మళ్ళీ రెండు రావు, ఒకటిన్నర వస్తుంది. సగం రీలు ఎవరూ అమ్మరు.

*తీసుకొనిన వాఁడె:* కొని దాచుకున్నవాడని సామాన్యార్థం. ఎండకు ఫిల్ము రంగులు చెడతాయి గనుక ఫ్రిజ్జే దానికి గర్భగుడి. అయితే ఇక్కడ శ్లేష ఉంది. తెలుగులో కొనడాన్నీ ‘తీసుకోవడమే’ అంటాం, ఫొటోనూ ‘తీసుకోవడమే’ అంటాం. కొని, వెలుతురు చూపించి, కడిగించి, ప్రింటు వేయించినవాడే తీసుకొనినవాడు. ఫ్రిజ్జులో పెట్టినవాడు ఇంకా సగం క్రియలోనే ఉన్నాడు.

తాత్పర్యం

రీలు దొరికినప్పుడు ధర అడిగి బాధపడక కొనవలెను. కొన్నదాన్ని దాచక వాడవలెను. అట్లు వాడినవాడే వివేకి అని భావము.

గమనిక

ఈ టీక ముగిసే వేళకు, పద్యంలో చెప్పిన ఆ రెండు రీళ్ళూ వ్యాఖ్యాత ఇంట్లో పెరుగు గిన్నె వెనక భద్రంగా ఉన్నాయి.