గప్పీ పిల్లలకు పాలరాతి మేడ

పిల్లల తొట్టి అడుగున ఏమీ వెయ్యొద్దని నాకు చెప్పింది సాక్షాత్తూ రంగురాళ్లు అమ్ముకునే చేపల కొట్టాయన. "పిల్లలకి రాళ్లెందుకు సార్, గాజు గాజులా వదిలెయ్యండి" అన్నాడు. రాళ్లమ్మే మనిషే రాళ్లొద్దంటే ఏదో సంగతుందని ఎవరికైనా తట్టాలి. నాకు మాత్రం ఈయనకి బేరం మీద ధ్యాస లేదనిపించింది.

ఇంటికొచ్చి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పాలరాతి ముక్కల్ని సుత్తితో చితక్కొట్టి, కడిగి, ఇరవై లీటర్ల తొట్టిలో రెండంగుళాల మందాన పరిచాను. చూడముచ్చటగా ఉంది. పాలరాయి మీద నిమ్మరసం పడితే మరక పోదని నాకు తెలుసు; మా హాల్లోనే ఉంది ఆ మరక. అదంతా కాల్షియం కార్బొనేట్ చలవేనని, అది నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి పీహెచ్ పెంచుతుందని ఇంటర్లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ చదువు తొట్టిదాకా రాలేదు.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సెంటీమీటరైనా ఉండవు, రెండు కళ్లూ ఒక తోకా, అంతే. పుట్టగానే ఈదుతాయి. వాటికి ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన నలిపి ధారాళంగా వేశాను. తినగా మిగిలిందంతా రాళ్ల సందుల్లోకి దిగింది. అక్కడిదాకా దూరి ఏరుకు తినడానికి వాటి మూతెంత? పైన మెరుపు, కింద కుళ్లు.

కుళ్లితే అమోనియా పుడుతుంది. గప్పీలు కఠిన జలానికి ఓర్చుకుంటాయి కాబట్టి తప్పంతా పాలరాయి మీదికి నెట్టలేను. కానీ పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే, ఉన్న అమోనియాలోనే చేపని చంపే వాటా దాదాపు పదింతలవుతుంది. విషం సొనతో తయారుచేసిందీ నేనే, పాలరాతితో దానికి పదును పెట్టిందీ నేనే. పిల్లలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే, "చూడు, ఎలా ఆడుకుంటున్నాయో" అని మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "ఆటా పాడా, ఊపిరాడక కొట్టుకుంటున్నాయండీ" అంది.

ఆ తర్వాతది ఇంకా ఘనకార్యం. రాళ్లూ, స్పాంజ్ ఫిల్టరూ కుళాయి కింద పెట్టి శుభ్రంగా తోమేశాను. అమోనియాని తినేసే బ్యాక్టీరియా కాపురముండేది వాటి మీదే. కుళాయి నీళ్లలో క్లోరిన్ దాని పని పట్టింది. మిగిలిన పిల్లలు కూడా ఒకటొకటే పోయాయి.

ఇప్పుడు నా తొట్టి అడుగు వట్టి గాజు. కింద మెరుపుకి పిల్లలు బెదరకుండా బయటివైపు నల్ల కాగితం అంటించాను. ఎయిర్ పంపు సన్నపైపుతో రోజూ అడుగు చెత్త లాగేస్తాను. ఆ నీళ్లు తెల్ల మగ్గులోకి పట్టాలి, పిల్ల ఏదైనా కొట్టుకొస్తే కనబడుతుంది. అడుగున ఏమీ లేకపోతే బ్యాక్టీరియాకి చోటు తగ్గుతుంది, అందుకని స్పాంజ్ ఫిల్టరు తప్పనిసరి. దాన్ని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మనసాగక ఇసుక వేస్తారా, సెంటీమీటరు దాటనివ్వకండి. మందంగా వేస్తే లోపల గాలాడక నల్లబడి కుళ్లిన గుడ్ల వాసనేస్తుంది. సముద్రపు ఇసుక అసలొద్దు, అందులోని గవ్వల ముక్కలు పాలరాతికి చుట్టాలే. రాయైనా ఇసుకైనా తొట్టిలో వేసేముందు నాలుగు చుక్కలు వెనిగర్ పోసి చూడండి. బుడగలొచ్చాయా, తీసుకెళ్లి పూలకుండీలో వెయ్యండి.